కింది రెప్ప

ఎనిమిది అంటే నాకు ఎరికే,
రింగులకు వంచే సన్న సలాక.
పన్నెండంటే స్లాబు. పదహారంటే పిల్లరు.
ఏడు పాయింట్ నాలుగు అంటే?
సోహార్ రేవు పక్క, రేకుల షెడ్డు నీడల
గంగజల పంపిన చీటీ ఫోటో
వేళ్లతోటి సాగదీసి సాగదీసి సూస్తున్న.
గంత సన్న సలాక మా సైట్ల లేదు.

పన్నెండున్నరకు పని బందు.
ఆ ఎండల ఇనుము ముట్టనియ్యదు.
మూడున్నర దాక అట్టముక్కల మీద పంటం.
చేతులు వాసన సూసుకుంటే తుప్పు,
బువ్వ ముద్దల తుప్పు, దిండు గలేబుల తుప్పు,
చెమట తుడిచిన తువ్వాల ఎర్రగ.
ఇంత ఇనుము నా ఒంటికి అంటుకోనున్నది,
ఆమె నెత్తుట్ల లేదట.
మొఫిజుల్‌కు చెప్తే నవ్విండు.
మల్ల నవ్వు ఆపిండు.
బరిశాల్‌ల వాని అక్క కాన్పులనే పోయింది.

క్యాంపు దవాఖాన్ల మలయాళం నర్సు
హిందీల అడిగింది, గోలీలు మింగుతున్నదా అని.
మింగుతున్నదన్న.
అబద్ధం.
నాలుగో నెలల నేనే అంటి కద,
కడుపుల తిప్పుతున్నది, నల్లగ పోతున్నది అని ఆమె ఏడిస్తే
"పడకుంటే మానెయ్" అని.
గంత అలకగ.
ఫోన్ల పైసలు అయిపోతున్నయని.

ఆ గోలీలు ఏడున్నయో తర్వాత తెలిసింది.
బీడీల చాటల, తునికాకు కింద,
పట్టీలు పట్టీలుగ, ఒక్కటి చింపకుండ.
వెయ్యి చుట్టేదాక లేవదు గంగజల.
ఆకలయితే చాయ్. ఇంకా ఆకలయితే
ఇంకో చాయ్.
కోడి పెట్టిన గుడ్డు మరిది పళ్లెంలకు.
గోలీ మింగితే పిల్ల నల్లగ పుడ్తదని
వాడకట్టంత ఒక్కటే మాట.

నర్సు నన్ను స్టూలు మీద కూసోబెట్టి
బొటనవేలుతోటి నా కింది రెప్ప గుంజి
అద్దం పట్టింది.
"ఎరుపు కనవడ్డదా? ఆమెకు గిట్లుండాలె."
ముప్పై ఒక్క ఏండ్లు, నా కన్ను లోపటి రంగు
నేనెన్నడు సూసుకోలేదు.
ఆమె చెప్పింది చెప్పినట్టు సిమెంటు సంచి కాగితం మీద రాసుకున్న.
నలుపు మందుది, బిడ్డది కాదు.
చాయ్‌కు గోలీకి నడుమ రెండు గంటలు ఎడం.
నిమ్మకాయ పిండుకోవాలె, కాల్షియం గోలీ వేరే పూట.
కని ఏడో నెలల ఏడు పాయింట్ నాలుగుకు
గోలీ అందుకోలేదు, నరానికి ఎక్కియ్యాలె,
ఈ వారమే, వచ్చే నెల కాదు.

జగిత్యాల దవాఖానకు నాలుగు సార్లు పోవాలె.
నాలుగు దినాల బీడీలు మునుగుడే.
అత్త గునిసింది. ఆశా ఎల్లుబాయి
ఆటో వాకిట్ల నిలవెట్టి, గంగజల చెప్పులు తానే తెచ్చి
కాళ్ల ముందర పెట్టిందట.
పగటీలి ఫోటో వచ్చింది.
వేలాడే సీసల గోధుమ రంగు నీళ్లు,
చుక్క, చుక్క.
కింద రాసింది:
"చాయ్ వద్దంటివి. మరి గిదేంది?"

సీసలు ఒడిసినంక గోలీలు మల్ల మొదలయినయ్.
ఇక్కడ ఏడున్నర, అక్కడ రాత్రి తొమ్మిది.
ఫోను ముందర మింగి నాలిక సాపి సూపెడ్తది,
బడి పిల్ల లెక్క.
రెప్ప గుంజు అంట.
కన్ను తెరకు ఆనిస్తది.
గుడ్డి బుగ్గ, సన్న నెట్టు,
ఆమె కన్ను ముక్కలు ముక్కలుగ ఆగిపోతది.
అండ్ల ఒక ముక్క ఎరుపే కావచ్చు,
దేవుని గూట్ల లైటు కావచ్చు.
"ఎట్లున్నది?"
కానొస్తలేదే, రేపు ఎండల సూపియ్యి అంట.
నవ్వుతది. నవ్వితే ఆయాసం తక్కువైంది,
అదొక్కటి ఇనవడుతది.

కొత్త చీటీల ఎనిమిది పాయింట్ తొమ్మిది.
రింగు సలాక దాటింది.
పదకొండు కావాలె అంటది నర్సు.
పదకొండు సలాక ఏ కంపెనీ చెయ్యదు, నాకు తెలుసు.
అయినా పొద్దుగాల ట్రాలీ దించెటప్పుడు
కట్ట కట్టకు వేలాడే రేకు బిళ్ల తిప్పి
నంబరు సూస్తున్న.