ఆజ్ఞ తప్పు, లేదా పేరు తప్పు

మిషను కంటే ముందు పుస్తకమొచ్చింది,
మద్రాసు బస్సు టాపు మీద, గోనెపట్టాలో చుట్టుకొని.
మూడు రింగుల అట్ట,
నాలుగు వందల పైచిలుకు పేజీలు.
చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా విప్పి చూసి
"ఇది ఏ దేవుడి పురాణమబ్బా" అన్నాడు.
మిషను రేపొస్తుందన్నారు.
ఆ రేపు రావడానికి పదకొండు నెలలు పట్టింది.

మండీ లెక్కలన్నీ దాంట్లోకి ఎక్కించాలని
గోవిందస్వామి నాయుడు డబ్బు కట్టినాడు.
ఎక్కించేది నేను.
గ్రీమ్స్‌పేట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో
లోయరు పాసై, హయ్యరు తప్పి ఉన్నాను.
నేర్పేది ధనకోటి అయ్యోరు.
ఆయనా కంప్యూటర్ని చూసింది లేదు,
పేపర్లో వేసిన మసక బొమ్మ తప్ప.

రాత్రిళ్ళు కూర్చొని
పొడుగు నోటుబుక్కులో, పచ్చ సిరాతో
ఆ పుస్తకాన్ని తెలుగు చేసినాడు.
కర్సరుకి ఏం రాయాలో మూడు దినాలు తోచలేదు.
"మినుకు మినుకుమంటా నిలబడేది, నీ మాట కోసరం" అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టినాడు.
ఫ్లాపీని వంచవద్దు,
ఎండలో పెట్టవద్దు,
అయస్కాంతం దాపుకు పోనీయవద్దు.
ఇంతవరకు పుస్తకం మాట.
కింద తన సొంతంగా ఒకటి చేర్చినాడు:
చీమలు జాగ్రత్త.
మా మండీ సంగతి ఆ రాసినవాడికి ఏం తెలుసు!

ఒక పేజీ నట్టనడుమ ఒకే ఒక వాక్యం,
ఈ పుట కావాలనే ఖాళీగా వదిలినాము.
అయ్యోరు చాలాసేపు దాన్నే చూసినాడు.
అది కూడా తెలుగు చేసి
తన నోటుబుక్కులోనూ ఒక పుట వదిలేసినాడు.
కాగితం దండగ కదా అంటే
"వాళ్ళు వదిలింది మనమెట్ల నింపుతాం మే" అన్నాడు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అట్టపెట్టె కోసి
కీబోర్డు గీసినాడు.
ఎంటరు మీట మీద చింతగింజ అంటించినాడు,
కళ్ళు మూసుకున్నా వేలికి తెలియాలని.
నేను అట్ట మీద కొడతాను.
ఎదురుగా ముక్కాలిపీట మీద
అయ్యోరు మిషనై కూర్చుంటాడు.

మిషనైనాక ఆయన ఆయన కాదు.
నవ్వడు, కసరడు, టీ ఇస్తే తాగడు.
ఏ మీట మీద నా వేలు పడిందో చూసి
గోడను చదివినట్టు చెబుతాడు:
ఆజ్ఞ తప్పు, లేదా పేరు తప్పు.
"ఏది తప్పు అయ్యోరా, ఆజ్ఞా? పేరా?"
పలకడు.
మిషను అంతకు మించి చెప్పదు కదా.

ఒక మధ్యాన్నం అలిసిపోయి అట్టను నెట్టేసినాను.
చింతగింజ ఊడి ఎక్కడికో దొర్లింది.
ఆయన కదలకుండా అడిగినాడు:
వదిలేద్దామా, మళ్ళీ చూద్దామా, ఓడిపోదామా?
బయట మూటలు దించే హమాలీల కేకలు,
కాగిన బెల్లం వాసన.
బెంచీ కింద దూరి గింజ వెతుక్కొచ్చినాను.

మిషనొచ్చిన దినం
తూకం మనుషులు కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చినారు.
ఎవరో నిమ్మకాయ కట్టబోతే
పులుపు కారుతుందని అయ్యోరు వద్దన్నాడు.
నేర్చినట్టే మూడక్షరాలు కొట్టి ఎంటరు నొక్కినాను.
అలవాటు కొద్దీ
జవాబు కోసం ఆయన నోటి వంక చూసినాను.
ఆయన గాజు వంక చూస్తున్నాడు.
నల్లటి గాజు మీద వరసలు వరసలుగా
పచ్చటి అక్షరాలు,
అచ్చం ఆయన సిరా రంగు.

"నువ్వు కూచో అయ్యోరా."
చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు.
ముప్పై ఏళ్ళు పది వేళ్ళతో చూడకుండా కొట్టినోడు,
ఒక్క వేలితో, వెతుక్కుంటా వెతుక్కుంటా
తన పేరు కొట్టినాడు.
ఎంటరు మీట మీద చింతగింజ కోసం
వేలు ఒక్క క్షణం తడుముకుంది.

మిషను జవాబిచ్చింది.
ఇంగ్లీషు రాని హమాలీలు కూడా
ఏదో తప్పిందని గ్రహించి తలలు దించినారు.
నాయుడు దగ్గినాడు.

ధనకోటి అయ్యోరు గాజుకు మొహం ఆనించి చదివినాడు.
నావైపు తిరిగినాడు.
"సరిగ్గా చెప్పింది మే.
నేనైనా ఇదే చెప్పుంటాను."
లేచి, పీట పక్కకు జరిపి,
టీ ఉందా అని అడిగినాడు.