అరచేతి లెక్క

ఋషికొండ మీద, రెండో అంతస్తు, రాత్రి రెండున్నర.
మూడు సర్వర్లు. వాటి కడుపుల్లో
నలభై ఒక్క యంత్రాలు, ఒక్కదానికీ ఒళ్లు లేదు.
ఆస్పత్రి బిల్లులదొకటి, కాలేజీ హాజరుదొకటి,
చేపలరేవు వేలంపాటదొకటి.
అన్నీ సొంతింట్లో ఉన్నామనుకుంటాయి,
అన్నీ అద్దెకున్నవే.
నీళ్లకి మాత్రం అందరూ కిందికే దిగాలి,
ఒక్కటే కుళాయి:
పాత డిస్కుల అర, తిరిగీ తిరిగీ
దగ్గు పట్టిన గొంతు.

నాలుగున్నరకి పడవలొస్తాయి.
అప్పుడే బ్యాకప్పులు, అప్పుడే వైరస్ సోదాలు,
అప్పుడే నలభై ఒక్క బిందెలూ కుళాయి కింద.
రేవులో, తెర మీద, గుండ్రంగా తిరిగే చుక్క.
"ఏటమ్మా, కోనెం కుళ్లిపోతంది గానీ
మీ పెట్టి పలకదేటి?"
ఫోన్లో మైలపిల్లి ఎల్లాజీ, వేలం గుమస్తా.
ఆయన వెనక అరుపులు, ఐసు దిమ్మలు పగిలే చప్పుడు.
నా వెనక ఏసీ.

అందుకే ఈ ఫ్లాష్ ముక్కలు.
అరచేతిలో బిస్కెట్టంత. లోపల తిరిగేదేదీ లేదు,
ఇన్నిసార్లే రాయించుకుంటానని
పుట్టినప్పుడే లెక్క చెప్పేసిన సరుకు.
సోమవారం రాత్రి
ఒక్కో సర్వర్నీ ఖాళీ చేయించి,
కాపురాలన్నీ పక్కింటికి తోలి తొడిగాను.
మూత బిగిస్తుంటే చిటికెనవేలు తెగింది.

మొదటి పూట దానికేమీ తెలీదు.
కొత్తగా చేరిన టీకొట్టు కుర్రాడిలా
ప్రతివాణ్నీ అడగడమే, పంచదార ఎంత అని,
ప్రతిదానికీ కిందికి పరుగు.
మూడో రోజుకి
మనిషి మలుపు తిరగ్గానే గ్లాసు కడిగేస్తాడు కదా,
అలా.
అడిగిందే అడుగుతారు జనం.
ఈ ఒక్క సంగతి మీదే నా జీతం నిలబడి ఉంది.

చదవడం వరకూ సరే.
ఇవాళ రాయడం వంతు, వేలు ఆగింది.
తెర మీద రెండు గడులు:
కింద డిస్కుకి చేరాకే "అందింది" అనడమా,
ఫ్లాష్‌లో పడగానే అనేసి
తీరిగ్గా కిందికి పంపడమా.
"రెండోది నొక్కు, ఎగిరిపోతుంది"
అన్నాడు కిరీటి, కుర్చీలో సగం నిద్రలో.

నాకు ఎల్లాజీ ఎడమ చెయ్యి కనపడింది.
కంప్యూటరు రాకముందు
పాట మధ్యలో పుస్తకం తెరిచే తీరిక లేక
అరచేతి నిండా బాల్‌పెన్ అంకెలు వేసేవాడట.
చందువ పద్దెనిమిది వందలు,
కానాగంతల గంప ఆరొందలు.
ఎండెక్కాక పద్దులోకి.
"రాసేసినాను, ఎల్లండి" అనేవాడట పడవోళ్లతో.
ఒక అక్టోబరు పొద్దున గాలివాన,
కొట్టుకుపోతున్న తెప్ప, పట్టుకోక తప్పని తాడు.
వదిలేసరికి
చెయ్యి తెల్లగా ఉంది.

"రాసేసినానన్నాను గదమ్మా. నమ్మినారు.
ఏడు నెలలు నానే కట్టుకున్నాను."
రేవు చూడ్డానికెళ్లినప్పుడు చెప్పాడు,
చెయ్యి చాపి మరీ చూపించాడు,
అందులో ఇంకా ఏదో కనిపిస్తుందన్నట్టు.

ప్రతి ముక్కకీ పక్క సర్వర్లో ఒక జోడీ ఉంటే,
కరెంటు పోయాక గుక్కెడు ఊపిరి దాచుకునే రకమైతే,
కిరీటి మాటే వినేదాన్ని.
కొటేషన్లో ఆ రెండు లైన్లూ కొట్టేసింది మేమే.
మొదటిది నొక్కాను.

నాలుగూ నలభై. ఫోన్ మోగింది.
"అమ్మా, ఈయేళ పేర్లు అడగ్గానే పడతన్నాయి.
రాసినప్పుడే కొంచెం ఆగతాదేటి?"
"ఆగుతుంది బాబాయ్.
చేరిందో లేదో చూసుకుని చెప్తుంది."

అవతల కాసేపు ఏమీ లేదు,
ఐసు దిమ్మ మీద సుత్తి, ఎవరిదో బూతు,
ఒక పడవ ఇంజను ఆగడం.
"అయితే ఆగనీ" అన్నాడు.
తర్వాత, నాతో కాదు,
"ఒరే, గంప దించు."