మూడో గుండు

మోంటానా ఎండలో ముక్కాలిపీట,
దానిమీద రెండు కళ్ళ పెట్టె.
రాత్రి వంటింటి బల్లమీద వెర్లిన్ తాత
రవ్వ రవ్వగా తూచి తూటాల్లో నింపిన మందు
ఇవాళ లెక్క ఒప్పజెప్పాలి.

సెకనుకి మూడువేల ఆరువందల పన్నెండు అడుగులు.
రాశాను.
ఆరువందల ఎనిమిది.
తాత మీసం కదిలింది.
నాలుగడుగులే తేడా అంటే ఆయనకి పండగ.

మూడో గుండుకి మబ్బు అడ్డొచ్చింది.
పెట్టెకేమీ కనబడలేదు.
"ఏం రాయను?"
"మబ్బు అని రాయి."

అవతల బొరియ గట్టున నేల ఉడుత
చేతులు కట్టుకుని నిలబడి
మా ఇద్దర్నీ చూస్తోంది.
చప్పుడుకన్నా ముందొచ్చేదాన్ని
అదెలా వింటుంది?

తాత తుపాకి కాస్త పక్కకి జరిపాడు.
రెండువేళ్ళు నోట్లో పెట్టి
ఈల వేశాను.
గట్టు ఖాళీ.

తాత నావైపు తిరగలేదు.
"గాలి," అన్నాడు,
"అదీ రాయి."