సానపొడి

ఏథెన్స్‌లో, విశ్వవిద్యాలయం నేలమాళిగలో
ముప్పై ఏళ్ళుగా నా పని
వెలుతురు దూరి పోయేంత పలచగా
రాయిని అరగదియ్యడం.

ముందు రంపం. తర్వాత గాజుపలక, జిగురు.
ఆపైన నల్లటి సానపొడి, నాలుగు నీటి చుక్కలు,
ఎనిమిది అంకెలా తిరిగే చెయ్యి.
స్ఫటికం ఇంకా పసుపుగా మెరిస్తే మందం ఉన్నట్టు.
పాలిపోయి బూడిద తిరిగిందా, ఆగాలి.
ఇంకో రెండు తిప్పులు తిప్పానంటే
రెండు కోట్ల ఏళ్ళు తూములోకి పోతాయి.

మార్చిలో కల్లిరోయ్ ఒక గోతాం మోసుకొచ్చింది,
నాక్సోస్ కొండల నుంచి, వాళ్ళ తాత ఫ్లోరియోస్ దిగిన సొరంగం నుంచి.
నల్లరాయి. చూపుకి చిన్నది, అరచేతికి బరువు.
"స్మిరిగ్లి" అంది, వాళ్ళూరి మాటలో.
కురువిందం, ఇనుము, అంచున ముత్యపు నిగారింపుతో
పొరలు విప్పే అభ్రకం.
ఎంత లోతున మారిందో, ఎంత వేడికి మారిందో
ఆమెకి తెలియాలి.

నా పొడి దాన్నేం చెయ్యలేకపోయింది.
ఏం చేస్తుంది? అదీ ఇదీ ఒక కడుపువే,
ఒకప్పుడు ఆ కొండ నుంచే డబ్బాల్లో దిగేది.
ముల్లుని ముల్లుతో తియ్యొచ్చు,
సానని సానతో రోజంతా రుద్దితే
రెండూ అరిగాయి, నా గోళ్ళతో సహా.
పై అంతస్తులో వజ్రపు పొడి అప్పడిగాను.

ఇందులో స్ఫటికం లేదు, మందానికి సాక్షి లేదు.
వేలికొసని నమ్ముకుని ఆపాను.

ఇనుప చీకట్లో ఒకచోట నీలం,
ఆవగింజలో అరవయ్యో వంతు.
ఆ నీలం కడుపులో ఇంకో నలుసు,
నీరు వదలని పాత ఖనిజం.
కల్లిరోయ్ కళ్ళు తియ్యలేదు చాలాసేపు.
"ఇది మట్టి. సున్నపురాతి గుంటల్లో
వానకి నానిన ఎర్రమట్టి.
అంత కాగినా చూడు,
ఒక్క గుక్క దాచుకుంది."

తాత సంగతి కాఫీ తాగుతూ చెప్పింది.
కంపలు పేర్చి రాతిగోడకి నిప్పు పెట్టేవారట,
ఎర్రబడ్డాక చన్నీళ్ళు కొడితే పగిలేదట.
తీగమీద వేలాడే తొట్లలో లోయలు దాటి రేవుకి పోయేదట.
పోనిది ఏదో మిగిలింది.
ఆయన చనిపోయాక ఆస్పత్రివాళ్ళు
ఊపిరితిత్తి ముక్కని గాజుపలక మీద పరిచారు.

"చూశావా?"
"చూశాను. మీకన్నా పలచగా కోస్తారు వాళ్ళు.
నల్లచుక్కలు.
నాకు ఏ పుస్తకమూ తియ్యక్కర్లేకపోయింది."

ఆమె పత్రం శీతాకాలంలో అచ్చయింది.
నాలుగు వందల ఇరవై డిగ్రీలు, అటూ ఇటూ ముప్పై.
తాత లేడు అందులో, ఉండకూడదు కూడా.
కృతజ్ఞతల్లో నా పేరు ఒక అక్షరం తప్పుగా పడింది.

పొద్దున్నే దిగి రంపం మీద గుడ్డ తీస్తాను.
మార్చి నుంచీ అలాంటి గుడ్డే ఇంకోటి
ముక్కుకి కట్టుకుంటున్నాను,
ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.