ఇరవై మూడు పిడికిళ్ళు

బర్న్లీలో గురువారమంటే వాన.
సెయింట్ బీగా చర్చి హాల్లో తడి కోట్ల వాసన,
చిక్కుడు గింజల డబ్బాలు,
వరసలో ముందు నిలబడటానికి సిగ్గుపడేవాళ్ళు,
వెనకుంటే అయిపోతాయేమోనని భయపడేవాళ్ళు.

సగం మంది పేర్లు నాకు ముందే తెలుసు.
పగలు కౌన్సిల్ ఆఫీసులో
ఇంటిపన్ను బకాయిల నోటీసులు పంపేది నేనే.
సాయంత్రం అదే చేత్తో పాస్తా పొట్లాలు అందిస్తాను.
ఎవరూ ఏమీ అనరు. డెనీస్ ఒక్కతే
"ఎర్రక్షరాలు కాస్త తగ్గించమ్మా" అంటుంది, నవ్వుతూనే.

మా చర్చికో వెండి కూజా ఉంది.
ఉందంటే, బ్యాంకు లాకర్లో ఉంది.
మూడున్నర వందల ఏళ్ళనాటిది. మూత మీద
తన రొమ్ము తానే పొడుచుకుని
పిల్లలకు నెత్తురు తాపే పక్షి.
ఈస్టరుకు ఒక్కపూట బయటికొస్తుంది,
బీమావాడి అనుమతితో.

వేలంవాళ్ళు లక్షా పదివేల పౌండ్లన్నారు.
కోశాధికారిని కదా, లెక్క నేనే చెప్పాను:
పద్నాలుగేళ్ళ చిక్కుడు గింజలు.

కమిటీ కూర్చుంది. బిస్కెట్ల పళ్ళెం తిరిగింది.
ఎనభై రెండేళ్ళ నోరిస్ హార్‌గ్రీవ్స్ లేచి,
"యుద్ధంలో మా తాత దాన్ని బొగ్గుల గదిలో పాతిపెట్టాడు.
బాంబుల నుంచి దాచింది బజారుకెక్కించడానికా?" అన్నాడు.
ఆయన్ని తప్పుపట్టలేను.
ప్రతి గురువారం వ్యాను నడిపేది ఆయనే,
పెట్రోలు డబ్బులు ఏనాడూ రాయించలేదు.

"అత్తరు బుడ్డి పగిలిన రోజు
అమ్మి బీదలకివ్వచ్చుగా అన్నదెవడు?"
మూల నుంచి ఎవరో అడిగారు.
డబ్బు సంచి మోసినవాడు.
అందరూ నన్ను చూడకుండా ఉండటానికి
చాలా కష్టపడ్డారు.
సంచి నా ఒళ్ళోనే ఉంది.

డెనీస్‌నీ అడిగాం.
"నేనెప్పుడూ చూడని కూజా.
ఉంచినా తెలీదు, అమ్మినా తెలీదు.
అమ్మితే మాత్రం అన్నీ గింజలే కొనకండి,
ఒక్కసారి మంచి చీజు కొనండి."

ఆరుకు ఐదు. అమ్మాలని.
ఆరో చెయ్యి నాది.
భుజం నొప్పనుకున్నారేమో, అంత మెల్లగా లేచింది.

ఎనిమిది నెలలకు చర్చి కోర్టు జవాబిచ్చింది.
నిధిని అమ్మాలంటే అసాధారణమైన అవసరముండాలట.
ఈ ఊళ్ళో ఆకలి చాలాకాలంగా ఉన్నదే కనుక
అసాధారణం కాదట.
మూడుసార్లు చదివాను.
నోటీసులు రాసేదాన్ని, ఆ భాష నాకు పరాయిది కాదు.

పటాలు తీయడానికి తెచ్చిన కూజా
ఒక రాత్రి మా దగ్గరే ఉండిపోయింది.
తుడిచిపెట్టే పని నాకొచ్చింది.

చీరాల అవతల మా నాయనమ్మ దీనమ్మ
ఎసరు పెట్టిన ప్రతిసారీ
పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసేది.
ఆదివారం ముంత చర్చికి నడిచేది,
అక్కణ్ణుంచి ఏ ఇల్లు పస్తో ఆ ఇంటికి.
మిగిలినదే మేం తిన్నాం.
చాలని రోజులూ ఉన్నాయి,
అమ్మ ఆ ముంత వైపు చూసిన చూపూ గుర్తుంది.

తలుపు గడియపెట్టాను.
హాల్లోంచి బియ్యం పొట్లం తెచ్చి
పిడికిలికి పిడికిలి లెక్కపెడుతూ పోశాను.
ఇరవై మూడు.
దీనమ్మ లెక్కన పదకొండున్నర రోజులు.
వెండిలో బియ్యం పడే చప్పుడు
ముంతలో పడే చప్పుడు కాదు,
గట్టిగా వినిపిస్తుంది, ఎవరైనా వచ్చేస్తారేమోనన్నంత.

వంపేశాను. ఆ పొట్లం నేనే కొనుక్కున్నాను.
మూత కీలులో ఒక గింజ ఇరుక్కుంది.
పిన్నీసుతో తీయబోయి
ఎందుకో ఆగిపోయాను.

కూజా మళ్ళీ లాకర్లోకి వెళ్ళిపోయింది.
బీమా పత్రంలో ఆ గింజ ఊసు లేదు.
లెక్క లెక్కే కాబట్టి
ఆ వారం ఖాతాలో రాశాను:
బియ్యం, ఒక గింజ,
తరుగు.