ఏకు పిల్లి

బ్యాంకు విశాలమ్మ ట్రైనింగుకు పోతా
పన్నెండు దినాలకని మా పరుపులంగట్లో దించిపోయింది:
ఒక బుట్ట, ఒక స్టీలు దువ్వెన, లోతులేని తట్ట,
ఒక పిల్లి.
పేరు కోవా.
"మీ చేతులకు పీచు తెలుసు కదా మాబున్నమ్మా" అనింది.
ఆ మాటకు కాదనలేకపోతి.

బుట్టలో ఒక కాగితం గూడా.
దాంట్లో ఆ పిల్లి అమ్మ, నాయన, జేజి, జేజినాయన,
వాళ్లను కన్నోళ్లు, వాళ్లనూ కన్నోళ్లు,
ఐదు తరాలు, సీలేసి, సంతకం పెట్టి.
మా పకీరప్ప దాన్ని వెలుతురుకు పట్టి చదివి
"మనకు మా జేజినాయన కాడికే తెలుసు,
ఆ పైన అంతా దుమ్ము" అన్యాడు.
మా ఇంటిపేరంటారా,
అది పేరు గాదు, పని.

మొదటిరోజు మేమిద్దరం మాట్లాడుకోలేదు.
ఆదోనిలో మే నెల,
రేకుల కింద గాలి గూడా కూలికి పోయినట్టుంది.
గడ్డకట్టిన నీళ్లబాటిలు తుండుగుడ్డలో చుట్టి పెడితే
దాన్ని కరుచుకుని పండుకునింది.
అప్పుడు చూస్తి మొగం:
ఎవరో అరచేత్తో అద్దినట్టు చప్పిడి,
ముక్కు పోయి కండ్ల నడుమ కూర్చునింది,
ఏడ్వకుండానే కండ్లు కారతాయి.
పొద్దున్నే నులివెచ్చని నీళ్లలో దూది ముంచి
లోపలి మూల నుంచి బయటికి తుడవల్ల.
దూదికి మా ఇంట్లో కరువా.

రెండోరోజు ఎలక వచ్చింది.
అది ఎలకను చూసింది, ఎలక దాన్ని చూసింది,
ఎవరి దోవన వాళ్లు పోయినారు.

మూడోరోజు చెయ్యి పెట్టనిచ్చింది.
నలభై ఏండ్లుగా ఈ వేళ్లు పత్తిని అడుగుతానే ఉన్నాయి:
నీ పోగెంత పొడుగు, నీలో తేమెంత,
ఎవురు కల్తీ చేసిరి నిన్ను.
అట్లే దాన్నీ అడిగితి.
పైన పొడుగు వెంట్రుకలు, పట్టుదారం మాదిరి జారతాయి.
కింద ఇంకో నూగు, పొట్టిది,
గింజ విడిచిన నిమిషంలో లింటు ఉంటాదే, అంత మెత్తన.
చంకల్లో, పొట్టకింద, చెవుల వెనక చిక్కులు.
చిక్కును కుదుట్లో పట్టి లాగితే పీచు ఏడుస్తాది,
కొసన మొదలుపెట్టి రొంత రొంత లోపలికి పోవల్ల.
ఇది నాకు ఏ మనిషీ చెప్పలేదు.
పాత పరుపులు చెప్పినాయి.

వచ్చేపోయేవాళ్లకు మా అంగడి తిరనాళ.
"ఇది పిల్లా, కుక్కా, గొర్రెపిల్లా?"
నేను నవ్వితి.
మమ్మల్ని గూడా అట్లే అడుగుతారు,
మీరు ఆ పక్కా ఈ పక్కా అని.
అది జవాబియ్యక తోక సర్దుకుని కండ్లు మూసింది.
ఆ తెలివి నాకు యాభై దాటినాక గాని రాలేదు.
గడియారాల మహబూబ్బాషా మాత్రం
"పర్షియాదమ్మా ఇది,
నమాజు అన్న మాట గూడా ఆడి నుంచి వచ్చిందే" అన్యాడు.
అయితే చుట్టమే అనుకుంటి.

తొమ్మిదోరోజు కరెంటు పోయింది, పిల్లి గూడా పోయింది.
బీరువా కింద, రేకుల పైన, పక్క సైకిలంగట్లో.
నీళ్లొచ్చే దినం, వీధంతా బిందెల కొట్లాట,
నా పిలుపు ఎవరికి వినపడాల.
కరెంటొచ్చింది.
పకీరప్ప మిషను వేసి, కుప్పలోంచి
రెండు చేతులా దూది ఎత్తబోయి
ఆగినాడు.
దూది ఊపిరి పీలుస్తాంది.
పైకి. కిందికి.
సన్నగా గురక గూడా.
గమ్మున స్విచ్చి ఆపి నేలమీద కూర్చున్యాడు,
వణుకుతాండే చేతులు తొడల కింద పెట్టుకున్యాడు.
ముప్పై ఎనిమిదేండ్ల కాపరంలో
ఆ చేతులు వణకడం నేను చూసింది రెండోసారి.
మొదటిది చెప్పను.

ఏకు మేకైందంటారు గదా లోకంలో.
మా ఇంట్లో ఏకు పిల్లైంది.

పన్నెండోనాడు విశాలమ్మ బుట్ట తెరిస్తే
నా దిక్కు గూడా చూడకుండా లోపలికి పోయి
వీపు తిప్పి కూర్చునింది కోవా.
ఐదు తరాల పొగరు. ఉండనీ.

దువ్వెనకు మిగిలిన నూగు, పిడికెడు,
పారేయలేదు.
ఎమ్మిగనూరు పెండ్లివాళ్ల పరుపులో, తలదిక్కున,
దూదిలో కలిపి కుట్టేస్తి.
కల్తీనే. నా బతుకులో మొదటిది.
ఎవరన్నా పట్టుకుని అడిగితే చెప్తా,
కాగితం లేదు గానీ
మంచి వంశానిదని.