మోగని బండ

మా నాయన బండను చూసి కొనడు, విని కొంటాడు.
బేతంచెర్లలో ఆ పేరు ఆయనొక్కడికే ఉంది.
నడివేలు కణుపు మడిచి
నాపరాతి మీద రెండుసార్లు కొడతాడు.
ఖంగుమంటే లారీకి,
మొద్దుగా పలికితే పక్కకు.
"లోపల చీలికుంది, పైకి అగుపడదు" అంటాడు.
మిషన్లోకి పంపితే నిజంగానే రెండు ముక్కలు.

అదే కణుపు నా నెత్తి మీదా పడేది.
లెక్కల్లో నలభై వచ్చినప్పుడు,
నీళ్లచెంబు జారినప్పుడు,
ఇంటికొచ్చినోళ్లు పలకరిస్తే తల వంచుకున్నప్పుడు,
ఊరికే కూడా.
మొద్దు అనేవాడు.
ఒక్కసారన్నా ఆగి
ఏం శబ్దమొచ్చిందో వినలేదు.

మద్దిలేటి అని పెట్టుకున్నారు నాకు, మొక్కుబడి పేరు.
ఆ పేరు ఇంట్లో వినబడిందంటే
ఏదో తప్పు దొరికిందని అర్థం.
మా వైపు ఆ పేరు వీధికి నలుగురికుంటుంది.
ఇప్పటికీ బస్టాండులో ఎవరు ఎవర్ని కేకేసినా
నా భుజాలు చెవుల దాకా లేస్తాయి.

తొమ్మిదో తరగతి ఎండాకాలం.
నాకేమైందో నాకే తెలియదు.
ఆకలి ముందు పోయింది. తర్వాత ఆట.
తర్వాత గోళ్లు కత్తిరించుకోవాలన్న ధ్యాస.
మధ్యాహ్నాలు చొక్కా విప్పి
నట్టింట నల్లబండ మీద బోర్లా పడుకునేవాణ్ణి.
చెంపకు చల్లగా తగిలేది.
ఆ యింట్లో నన్ను ముట్టుకున్నది అదొక్కటే,
కొట్టకుండా.

అమ్మ నా చుట్టూ చీపురు తిప్పి ఊడ్చేది.
"మూడు పూటలా తింటాండావ్, నీకేం తక్కువ?"
నిజమే. ఏం తక్కువో చెప్పడానికి
మాటలే తక్కువ.
జేజి ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది.
ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట.
అందరమూ దగ్గినాం.
అంటే నాకేమీ లేనట్టే.
అక్క ఒకసారి తలుపు సందులోంచి చూసి
ఏదో అనబోయి
నాయన చెప్పుల చప్పుడుకు తప్పుకుంది.
దాన్నేమనను. దానికీ ఒక నెత్తి ఉంది.

పక్కకేసిన బండలన్నీ మా పెరట్లోనే పడుండేవి.
పొద్దుగూకినాక వాటిని నేనూ కొట్టి చూసేవాణ్ణి.
ఆ తర్వాత నా ఎదురొమ్మును.
నాకు నా చప్పుడు తెలియలేదు.
నాయన్ను అడుగుదామనుకున్నా, దీన్ని కూడా కొంచెం వినవా అని.
అడిగింది మాత్రం పరీక్ష ఫీజు.

రాత్రి గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కబెట్టేవాణ్ణి.
యాభై ఎనిమిది.
ఒకరోజు యాభై ఏడే వచ్చినాయి.
రేపెన్ని వస్తాయో చూడాలనిపించింది.
అట్లా కొన్ని నెలలు దాటినాయి.

ఏడ్చేందుకు మాత్రం మా ఊరంత వసతి ఇంకెక్కడా లేదు.
వేపాకు మీద, రొట్టె మీద, కనురెప్ప మీద బండలపొడి.
"కండ్లేంది నాయనా అట్లుండాయి?"
ఫ్యాక్టరీ కాడ హుసేనమ్మ అడిగింది, నెత్తిన బురద తట్టతో.
"దుమ్ము పడిందత్తా."
కొంగు కొసను నోటి ఆవిరితో వెచ్చజేసి
నా కంటికి అద్దింది.
దుమ్ము లేదని ఆమెకు తెలిసే ఉంటుంది.
తట్ట దించకుండానే అద్దింది.
ఆ బరువు కింద ఆమె మెడ నరాలు
నాకింకా గుర్తు.

మొన్న, ముప్పై ఒకటో ఏట,
దగ్గు తగ్గక కర్నూలు పెద్దాసుపత్రికి పోయినాను.
ఆ డాక్టరమ్మ, ఇంకా చదువుకుంటున్న పిల్లే,
ఎడమచెయ్యి నా వీపున పరిచి
దాని మీద కుడిచేతి నడివేలు వంచి కొట్టింది.
టక్. టక్.
తల ఓ పక్కకు వాల్చి
ఆగింది.
కొంచెం కిందికి జరిగి మళ్లీ కొట్టి
మళ్లీ ఆగింది.
నా భుజాలు అప్పటికే చెవుల దాకా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?"
దగ్గు గురించే అడిగింది, పాపం.
"తొమ్మిదో తరగతి నుంచి" అన్నాను.

కలం ఆగింది.
వెనకాల వరసలో ఎవరో
"తొందరగా కానీయప్పా" అంటున్నారు.